ఇసుకతో కాటన్‌ దొర పోరు.. దుమ్ముగూడెంలో ఆగిన పడవదారి

భద్రాచలం: ధవళేశ్వరం పేరు చెబితే సర్‌ ఆర్థర్‌ కాటన్‌ గుర్తుకు రాని తెలుగువారు అరుదు. భద్రాద్రికి సుమారు 25 కిలోమీటర్ల ఎగువన దుమ్ముగూడెం వద్ద గోదావరికి అడ్డంగా నిలిచిన పాత రాతికట్ట సైతం ఆయన తలపెట్టిన మహాయత్నంలో భాగమేనన్న సంగతి మాత్రం మన్యంలోనే కొద్దిమందికి తెలుసు. పర్ణశాలకు వెళ్లే యాత్రికులు దానిని సాగునీటి ఆనకట్టగానే భావిస్తారు. నిజానికి ఈ కట్ట వెలసింది పొలాల కోసం కాదు, పడవల కోసం. నాగపూర్‌, బేరారు ప్రాంతాల పత్తిని నదీమార్గాన కాకినాడ రేవుకు చేర్చాలన్నది నాటి సంకల్పం. అది నెరవేరలేదు. 1871లో పనులు నిలిచిపోయాయి. డెల్టాను సస్యశ్యామలం చేసిన మనిషి ఎగువ గోదావరిలో ఎందుకు విఫలమయ్యారో తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్ని మరో వైపు నుంచి పరిశీలించాలి. ఆయన జీవితమంతా నీటితో గడిచిందని అందరూ అంటారు. అందులో సగం ఇసుకతో, ఒండ్రుతో, పూడికతో గడిచింది.

పాంబన్‌ నుంచి కావేరి వరకు

కాటన్‌ 1803 మే 15న ఇంగ్లండ్‌లో జన్మించారు. పదిహేనేళ్ల ప్రాయంలో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్‌ సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజినీర్ల దళానికి ఎంపికయ్యారు. 1821లో మద్రాసు చేరుకున్నారు. ఆయనకు తొలినాళ్లలో అప్పగించిన బాధ్యతల్లో ఒకటి పాంబన్‌ జలసంధి సర్వే. భారతదేశానికి, సింహళానికి నడుమ ఉన్న ఆ ఇరుకు దారిలో రాళ్లు, ఇసుక తిప్పలు ఓడలకు అడ్డుపడేవి. దారి లోతు చేయడం ఎలాగన్నది ప్రశ్న. ఇరవై ఏళ్లు నిండీ నిండని యువ ఇంజినీరుకు సముద్రపు ఇసుక స్వభావం అక్కడే పరిచయమయింది. ఒకచోట తవ్వి పోసిన ఇసుకను ప్రవాహం మరోచోట మేట వేస్తుంది. అందుచేత తవ్వే ముందు ప్రవాహాన్ని చదవాలి. ఈ పాఠం ఆయన వెంట జీవితాంతం నడిచింది.

బర్మా యుద్ధంలో పాల్గొని తిరిగివచ్చిన తరువాత, 1820వ దశకం చివరలో ఆయనకు కావేరి బాధ్యతలు అప్పగించారు. తంజావూరు సీమ అప్పుడు సంకటంలో ఉంది. కావేరిలో ఏటేటా ఇసుక పేరుకుని నదీగర్భం ఎత్తు పెరిగింది. నీరు పల్లమైన కొల్లడం పాయలోకి మళ్లిపోయి, కావేరి ఆయకట్టు ఎండిపోసాగింది. చోళుల నాటి కల్లణై అక్కడే ఉంది. కాటన్‌ ఆ పురాతన కట్టడం ముందు శిష్యుడిగా నిలబడ్డారని చెప్పడం అతిశయోక్తి కాదు. గట్టి పునాది దొరకని ఇసుక నేలపై బండరాళ్లు వేస్తూ పోతే అవి కొంతమేర కుంగి, ఆపై స్థిరపడతాయని ఆయన గ్రహించింది ఆ కట్టను చూసే. దేశీయ పనివారి నుంచి నేర్చిన ఈ సంగతిని ఆయన ఏనాడూ దాచుకోలేదు.

కల్లణైకి ఒక లోపం ఉండేది. నీటిని మళ్లించడమే గాని ఇసుకను సాగనంపే మార్గం దానికి లేదు. 1830 ప్రాంతంలో అందులో ఇసుక తూములను అమర్చారు. 1836 నుంచి కొల్లడంపై నిర్మించిన రెండు ఆనకట్టలలో ఎగువదానికి ఈ ఏర్పాటు ఆదినుంచే ఉంది. వరద వేళ అడుగు తూములు తెరిస్తే, వాటిగుండా దూసుకుపోయే నీరు కట్ట ముందరి మేటను తనతోపాటు ఊడ్చుకుపోతుంది. గంపలతో వేలమంది ఎత్తిపోయవలసిన ఇసుకను నది చేతనే మోయించే ఉపాయమిది. అయితే కావేరి ఆయనకు తలవంపు కూడా తెచ్చింది. ఎగువ ఆనకట్ట కట్టాక నీరు కావేరిలోకి మితిమీరి మళ్లి, దాని మొదలు కోతకు గురయింది. ఆనకట్టలో కొంత భాగాన్ని తగ్గించి, కావేరి ముఖద్వారాన అడుగుకట్ట వేయవలసి వచ్చింది. ఇసుక ఎక్కువైతే ఒక కష్టం, మరీ తగ్గితే ఇంకొక కష్టం.

విశాఖ తీరాన రాతి కట్టలు

అనారోగ్యంతో కొంతకాలం టాస్మానియాలో గడిపిన కాటన్‌ అక్కడ 1841లో ఎలిజబెత్‌ లియర్‌మంత్‌ను వివాహమాడారు. తిరిగి వచ్చాక విశాఖపట్నంలో నియమితులయ్యారు. సముద్రం ఊరిని కోస్తున్న రోజులవి. తీరం నుంచి కడలిలోకి అడ్డుకట్టలుగా రాళ్లు పేర్చి, తీరం వెంబడి కదిలే ఇసుకను అక్కడే నిలిపే పనులు ఆయన చేయించారు.

ఈ చిన్న పని వెనుక పెద్ద విషయం ఉంది. తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో అధిక భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. దానికి అడ్డుగా ఏది నిలిపినా దక్షిణాన మేట, ఉత్తరాన కోత తప్పవు. 1933లో ప్రారంభమైన విశాఖ నౌకాశ్రయానికి ఈ ఇసుకే ప్రధాన శత్రువు కావడంతో, ముఖద్వారం చెంత జానస్‌, వెలెడ్‌సన్‌ అనే రెండు పాత నౌకలను కావాలనే ముంచి అలలకు, ఇసుకకు అడ్డు పెట్టారు. నేటికీ అక్కడ ఏటా ఇసుకను తోడి ఉత్తరాన నగర బీచ్‌కు చేర్చవలసి వస్తోంది. కాటన్‌ రాళ్లు పేర్చిన చోటనే, ఆయన తరువాత వంద సంవత్సరాలకు కూడా పోరు అదే.

డొక్కల కరువు నుంచి ధవళేశ్వరానికి

1833 నాటి కరువులో గుంటూరు సీమ తుడిచిపెట్టుకుపోయింది. జనం దానిని డొక్కల కరువన్నారు. గోదావరి మండలమూ వరుస కరువులతో, తుపానులతో చితికింది. 1839 నవంబరు తుపాను కోరింగ రేవును ముంచెత్తింది. విశాఖ నుంచి గోదావరి పరిశీలనకు వచ్చిన కాటన్‌ 1844, 1845 సంవత్సరాల్లో సమర్పించిన నివేదికలలో ఒక వైపరీత్యాన్ని ఎత్తిచూపారు. కళ్లెదుట అంతటి నది సముద్రం పాలవుతుండగా, దాని ఒడ్డునే పొలాలు బీడు వారుతున్నాయి. కంపెనీ పాలకులు చివరకు సమ్మతించారు. 1847లో పని ఆరంభమయింది.

ధవళేశ్వరం వద్ద నది లంకలతో కలిపి సుమారు ఆరు కిలోమీటర్ల వెడల్పు. గర్భమంతా ఇసుకే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం 3.6 కిలోమీటర్ల మేర కట్టను కావేరి పాఠం ప్రకారమే లేపారు. ధవళేశ్వరం కొండ రాయి అందుకు అక్కరకొచ్చింది. పనుల ఆరంభంలోనే వడదెబ్బకు గురైన కాటన్‌ 1848లో సెలవుపై వెళ్లవలసి వచ్చింది. చార్లెస్‌ ఆర్‌ పనులు కొనసాగించారు. కూలీలను సమకూర్చి, పనిని నడిపించిన వీణం వీరన్న పేరు డెల్టా రైతులు కాటన్‌ పేరుతో జోడించే చెప్పుకుంటారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. కాలువల ముఖద్వారాల పక్కనే అడుగు తూములు పెట్టడం ఇక్కడా మరువలేదు. అవి లేకుంటే కాలువలు కొన్నేళ్లకే మూసుకుపోయేవి. అయినా ఒండ్రు కొంత కాలువల్లోకి రాక మానదు. డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీసే ఆనవాయితీ ఇందువల్లనే ఏర్పడింది.

ఆ కాలువలు నీటిబాటలు కూడా. లాకుల మీదుగా ధవళేశ్వరం నుంచి సామర్లకోట, కాకినాడల దాకా పడవలు సాగాయి. సాగునీటి కాలువకు పడవదారిగా రెండో ప్రయోజనం ఉండాలన్నది కాటన్‌ సిద్ధాంతం. భద్రాచలం అడవుల కలప, వెదురు తెప్పలుగా కట్టి రాజమండ్రికి దింపడం అప్పటికే ఉన్నదే. మరి ఎగువ నుంచి పత్తి ఎందుకు దిగిరాదన్నది ఆయన ఆలోచన.

మూడు అవరోధాలు

కాటన్‌ ఆలోచనను క్షేత్రానికి తెచ్చింది ఆయన సహచరుడు ఫ్రెడరిక్‌ హేగ్‌. కోనసీమలో గన్నవరం అక్విడక్టును 49 ఖానాలతో ఒక్క పనికాలంలో లేపిన యువ అధికారి ఈయనే. 1850వ దశకంలో హేగ్‌ ఎగువ గోదావరిని పరిశీలించి నివేదిక సిద్ధం చేశారు. వరద కాలంలో పడవలు బాగానే నడుస్తాయి. నీరు తగ్గాక మూడు చోట్ల రాతి గుట్టలు తేలి దారి మూసేస్తాయి. మొదటిది దుమ్ముగూడెం. రెండవది ఇంద్రావతి సంగమానికి దిగువన ఇచ్చంపల్లి. మూడవది ప్రాణహితపై దేవలమర్రి. ప్రతి అవరోధం వద్ద ఆనకట్ట కట్టి, పక్కనే కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవలను దాటించాలన్నది పథకం.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయవలసి ఉంది. దుమ్ముగూడెం కట్టను కాటన్‌ స్వయంగా నిలబడి కట్టించారని ఈ ప్రాంతంలో ప్రచారంలో ఉంది. పనులు ఊపందుకునే నాటికి ఆయన మనదేశంలో లేరు. 1860లో ఉద్యోగం విడిచి ఇంగ్లండ్‌ వెళ్లారు. మరుసటి ఏడాది సర్‌ బిరుదు అందుకున్నారు. మన్యంలో ఎండకు, జ్వరానికి ఓర్చి పని నడిపింది హేగ్‌, ఆయన సిబ్బంది, పేర్లు ఎక్కడా నమోదు కాని కూలీలు. ఆలోచన కాటన్‌ది, కష్టం వీరిది.

రాజకీయంగా కాలం కలిసివచ్చింది. 1860 ఒడంబడిక ప్రకారం గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తదితర తాలూకాలను నిజాం బ్రిటిషు వారికి అప్పగించారు. నదిపై సాగే సరకులకు సుంకం లేకుండా పోయింది. సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. ఎడమ గట్టు బ్రిటిషు ఏలుబడి, కుడి గట్టు నిజాం రాజ్యం. దుమ్ముగూడెం కట్ట రెండు రాజ్యాలను కలుపుతూ లేచిందన్నమాట. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండ్‌ మిల్లులకు పత్తి కరవయింది. నాగపూర్‌ పత్తికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. మధ్యపరగణాల పాలకుడు రిచర్డ్‌ టెంపుల్‌ పథకాన్ని వెనకేసుకొచ్చారు.

ఎదురుదెబ్బలు

అయిననూ పని సాగలేదు. మన్యపు జ్వరానికి మైదాన ప్రాంత కూలీలు తట్టుకోలేకపోయారు. అడవి నడుమ తిండిగింజలు, పనిముట్లు చేర్చడమే గగనమయింది. వరద కాలంలో నాలుగైదు నెలలు నదిలో కాలు పెట్టే వీలుండదు. మిగిలిన కొద్ది నెలల్లో చేసిన పనిని మళ్లీ వరద పరీక్షించేది. ఖర్చు అంచనాలను మించింది. ఈలోగా 1865లో అమెరికా యుద్ధం ముగిసి పత్తి ధర పడిపోయింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్‌ చేరింది. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే సాగే నదీమార్గం, ఏడాది పొడవునా నడిచే రైలు ముందు నిలువలేకపోయింది. 1871లో ప్రభుత్వం పనులకు స్వస్తి పలికింది. మూడింటిలో మొదటి అవరోధం వద్దనే పని ఎక్కువగా జరిగింది. దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు ఆ శ్రమకు ఆనవాళ్లు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో చేరిపోయాయి. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాకు వచ్చింది.

ఈ వైఫల్యానికి కాటన్‌ బాధ్యత ఎంత అన్న ప్రశ్న నాడే తలెత్తింది. ధవళేశ్వరంలో చవకగా, వేగంగా పని సాగినందువల్ల అన్నిచోట్లా అదే లెక్క సరిపోతుందని ఆయన నమ్మారు. అక్కడ ఉన్నది ఇసుక నేల, దరిలోనే కొండ రాయి, చుట్టూ జనపదాలు. ఇక్కడ రాతి గర్భం, దట్టమైన అడవి, పలుచని జనాభా. రైలు పట్ల ఆయనకున్న అనాదరణ కూడా తీర్పును పక్కదారి పట్టించింది. దేశమంతటా కాలువలే ప్రధాన రహదారులు కావాలని ఆయన వాదించారు. ఆయన ఆలోచనతోనే ఆరంభమైన కర్నూలు - కడప కాలువ కంపెనీ కూడా నష్టాల పాలై, 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1878లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ ముందు వృద్ధుడైన కాటన్‌ గట్టిగా నిలిచి తన వాదం వినిపించినా, కమిటీ ఆయన వైపు మొగ్గలేదు. కరువుల నివారణకు నీటిపారుదలే మార్గమన్న ఆయన మాటలో పస ఉంది. నదులన్నీ ఓడదారులవుతాయన్న మాటకు ఎగువ గోదావరే ఎదురు సాక్ష్యంగా నిలిచింది.

నది మోసుకుపోయిన రేవు

దిగువ చివరన సముద్రం వద్ద సైతం చిక్కు తక్కువ కాదు. ఒకప్పుడు ఓడల మరమ్మతులకు పేరెన్నిక గన్న కోరింగ రేవు గోదావరి ఒండ్రుతో పూడి, ప్రాభవం కోల్పోయింది. వాణిజ్యం కాకినాడకు తరలింది. కాకినాడకూ ఒండ్రు బెడద తప్పలేదు. పెద్ద ఓడలు తీరానికి మైళ్ల దూరాన లంగరు వేస్తే, సరకును పడవలపై చేరవేసేవారు. పడవల కాలువ మూసుకుపోకుండా డ్రెడ్జర్లు పనిచేస్తూ ఉండేవి. వింతేమంటే కాకినాడకు అలల నుంచి రక్షణ ఇచ్చేది కూడా గోదావరి ఇసుకే. నది తెచ్చిన ఇసుకతో పొడవుగా పెరిగిన హోప్‌ ఐలాండ్‌ ఆ రేవుకు సహజమైన అడ్డుగోడ. కాకినాడలో లోతునీటి ఓడరేవు రావడానికి 1997 వరకు ఆగవలసి వచ్చింది. అంటే కాటన్‌ కోరినట్టు పత్తి పడవలు దుమ్ముగూడెం లాకులు దాటి వచ్చి ఉన్నా, కాకినాడలో ఆ సరకు ఓడ ఎక్కడానికి మళ్లీ చిన్న పడవలే దిక్కయ్యేవి.

కాటన్‌ కాలంలో ఒండ్రు అంటే రైతుకు సంపద. దానిని కాలువలో అడ్డంకిగా, పొలంలో ఎరువుగా చూశారు. ఈ రెంటి నడుమ ఆయన కూర్చిన పొందికే డెల్టా వ్యవస్థ. నేడు లెక్క మారింది. ఎగువ జలాశయాలు ఒండ్రును ఆపేస్తున్నాయి. 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రం వైపు సాగగా, 2000ల తొలి సంవత్సరాలకు అది 6 కోట్ల టన్నుల లోపునకు పడిపోయిందని పరిశోధకులు తేల్చారు. ఫలితంగా డెల్టా తీరం పలుచోట్ల కోతకు గురవుతోంది. మరోవంక ఒండ్రు స్వభావమూ మారింది. రామగుండం నుంచి మణుగూరు, పాల్వంచల వరకు గోదావరి పరీవాహకంలో బొగ్గు గనులు, థర్మల్‌ కేంద్రాలు, పరిశ్రమలు వెలిశాయి. ముతక ఇసుక తనంత తాను మాలిన్యాన్ని పెద్దగా పట్టి ఉంచదు. సన్నని బురద రేణువులు మాత్రం సీసం, రాగి వంటి లోహాలను అంటిపెట్టుకుంటాయి. నీరు మందగించిన చోట, అంటే ఆనకట్ట వెనుక, రేవు లోపల అవి అడుగున పేరుకుంటాయి. విశాఖ లోపలి రేవు అడుగు బురదలో ఇటువంటి లోహాలు ఉన్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. అటువంటి బురదను తోడేముందు పరీక్షించాలి. బయటి ఇసుకను బీచ్‌పై పోసినట్టు దానిని పోయకూడదు. తూము తెరిచి దిగువకు సాగనంపినా మాలిన్యం పక్క ఊరికి చేరుతుందే గాని అంతరించదు. కాటన్‌ ఉపాయం ఇసుకకు చెల్లింది, విషపు బురదకు చెల్లదు. ఇసుక ఎంత వచ్చిందో కొలిస్తే ఆయనకు సరిపోయింది. నేటి ఇంజినీరు అందులో ఏముందో కూడా కొలవాలి.

చివరి రోజులు

1877లో జనరల్‌ హోదాతో సైన్యం నుంచి విరమించిన కాటన్‌, డార్కింగ్‌ పట్టణంలో స్థిరపడ్డారు. తీరిక ఆయన స్వభావంలో లేదు. పెరటి నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు ముదిమి వయసులోనూ చేశారు. 1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి సంవత్సరమే ఆయన కుమార్తె లేడీ హోప్‌ రాసిన జీవిత చరిత్ర వెలువడింది. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

పడవల కోసం కట్టిన దుమ్ముగూడెం కట్ట నేడు మరో పనికి అక్కరకొచ్చింది. 2016లో శంకుస్థాపన జరిగిన సీతారామ ఎత్తిపోతల పథకానికి గోదావరి నీరు ఇక్కడి నుంచే మళ్లుతుంది. అశ్వాపురం మండలం బీజీ కొత్తూరు వద్ద తొలి పంపుహౌస్‌ ఉంది. పడవదారి ఆలోచన కూడా పూర్తిగా చావలేదు. 2008 నవంబరులో కేంద్రం ప్రకటించిన నాలుగవ జాతీయ జలమార్గంలో గోదావరి భాగం భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు 171 కిలోమీటర్లు. దుమ్ముగూడెం అందులో లేదు. 2016 చట్టంతో ఆ మార్గాన్ని కాగితంపై నాసిక్‌ దాకా పొడిగించారు. నాడు గుర్తించిన మూడు అవరోధాలలో మొదటి రెండూ ఆ దారిలోనే ఉన్నాయి.